సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? ఆ చప్పుడు ఎక్కడిదో ఇలా పట్టుకోండి

సెకండ్ హ్యాండ్ బండి కొన్న మొదటి వారం మనిషి ఒళ్లంతా చెవులే. కొనే ముందు ట్రయల్ వేసినప్పుడు ఏసీ ఫుల్లుగా పెట్టి, పాటలు వేసి, పక్కన అమ్మేవాయన ఆగకుండా మాట్లాడుతూ ఉంటాడు. డబ్బులు ఇచ్చేశాక, మనం ఒక్కళ్లమే అద్దాలు ఎత్తేసి నడుపుతుంటే అప్పుడు మొదలవుతుంది. ఎక్కడో లొడలొడ, ఇంకెక్కడో కీచు. ఇక టెన్షన్.

నేను గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర 2015 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. విజయవాడ వస్తుంటే మంగళగిరి దాటకముందే వెనక నుంచి లొడలొడ. మర్నాడు ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్లి, "వెనక చప్పుడొస్తోంది, చూడండి" అన్నాను. చూశారు. వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చారు. బిల్లు కట్టి బయటికొచ్చి మొదటి గతుకు దాటగానే మళ్లీ అదే లొడలొడ. చివరికి ఇంటి దగ్గర స్టెప్నీ పైకి తీస్తే కింద గుంతలో జాకీ రాడ్డు వదులుగా దొర్లుతోంది, దాని చుట్టూ గుప్పెడు ఎండుమిరపకాయలు. వరసగా పది తుమ్ములు వచ్చాయి, చప్పుడు మాత్రం పోయింది. షెడ్డు వాళ్లని తిట్టుకుని ఏం లాభం? నేను చెప్పిందే అంత, వాళ్లు చేసిందీ అంతే.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మెకానిక్ పని మీరు చేయక్కర్లేదు. ఆయన దగ్గరికి వెళ్లేసరికి ఆ చప్పుడు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు రాదో కచ్చితంగా చెప్పగలిగితే చాలు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్లకుండా ఉండాలంటే దారి ఇదే.

ముందు బండి ఖాళీ చేయండి

డిక్కీలో ఉన్నవన్నీ బయట పెట్టండి. స్టెప్నీ, జాకీ, పానా, రాడ్డు కూడా. డోర్ల జేబుల్లో నీళ్ల సీసాలు, డ్యాష్‌బోర్డు అరలో చిల్లర, సీటు కింద దొర్లే కొబ్బరికాయ (పూజ రోజు పెట్టింది మర్చిపోతాం), అన్నీ తీసేయండి. వెనక సీటు వీపు గట్టిగా లాక్ అయిందో లేదో ఒక్క గుంజు గుంజి చూడండి. ఎవరూ కూర్చోని సీటు బెల్టు బకిల్ డోరు ప్లాస్టిక్‌కి తగిలి టకటకమంటుంది. నంబరు ప్లేటు స్క్రూలు వదులైతే డిక్కీ మూసినప్పుడల్లా గలగలమంటుంది. ఇలా ఖాళీ చేసిన బండిని ఒక రౌండు తిప్పి రండి. సగం చప్పుళ్లు ఇక్కడే పోతాయి, పైసా ఖర్చు లేకుండా.

చప్పుడు వచ్చే వేళ రాసుకోండి

మిగిలినవాటికి ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఫోన్లో రాసినా సరే, కానీ బండి ఆపి రాయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎంత స్పీడులో? గేరులో ఉన్నప్పుడేనా, న్యూట్రల్‌లో కూడానా? బ్రేకు తొక్కితేనా, స్టీరింగ్ తిప్పితేనా, గతుకు పడితేనా? ఏసీ వేస్తే పెరుగుతుందా? ఇవే ప్రశ్నలు. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "ఉదయం 7.10. బండి చల్లగా ఉంది, ఏసీ లేదు. పటమట సందు, రెండో గేరు. ఎడమ చక్రం ఒక్కటే గుంటలో పడితే ముందు నుంచి టకటక. స్పీడ్ బ్రేకర్ మీద లేదు." ఈ నాలుగు ముక్కలు చదివి మేస్త్రి బండి జాకీ మీదకి ఎత్తకుండానే, "లింక్ రాడ్ సార్" అన్నారు. ఎలా చెప్పగలిగారో కింద రాస్తాను.

మన భాషలో చప్పుళ్లకి మాటల కొదవ లేదు, వాటిని వాడండి. "సౌండ్ వస్తోంది" అంటే ఎదుటివాళ్లకి ఏమీ తెలియదు. లొడలొడ అంటే ఏదో వదులుగా ఉంది. టకటక అంటే రెండు గట్టి వస్తువులు తగులుతున్నాయి. కీచుమంటే రాపిడి. గరగర అంటే ఇనుము ఇనుముని తింటోంది. గుయ్‌మని ఒకే శ్రుతిలో సాగితే తిరిగే భాగం ఏదో అరిగింది. నోటితో అనుకరించి చూపించడానికి మొహమాటపడకండి, షెడ్డులో అందరూ అలాగే చెబుతారు.

తెల్లారి, స్టార్ట్ చేయకముందు

రాత్రి బండి పెట్టేటప్పుడు ఇంజిన్ కింద పాత న్యూస్ పేపర్లు పరిచి రాళ్లు పెట్టండి. పొద్దున్నే మరకలు చూడండి. ఎడమవైపు ముందు మామూలు నీళ్లుంటే అది ఏసీ నీరు, కంగారు వద్దు. అయితే ఆ నీరు బయట పడకుండా పక్క సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంటే ఏసీ డ్రైన్ గొట్టం పూడుకుపోయినట్టు. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిలు. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉండి తియ్యటి వాసనొస్తే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. చక్రం లోపలివైపు లేత పసుపు రంగులో జారుడుగా ఉందంటే అది బ్రేక్ ఆయిలు కావచ్చు. అప్పుడు మాత్రం బండి కదపొద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

ఇప్పుడు బానెట్ ఎత్తండి. ఆయిలు గేజి తుడిచి, మళ్లీ పెట్టి తీసి, రెండు గీతల మధ్య ఉందో లేదో చూడండి. డీజిల్ బండిలో ఆయిలు నల్లగా ఉంటే తప్పు కాదు. కాఫీలో పాలు కలిసిన రంగులో నురగలా ఉంటే తప్పు, కూలెంట్ ఆయిల్లో కలుస్తోందని అనుమానించాలి. కూలెంట్ సీసాలో మట్టం బయటి నుంచే చూడండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నలిగి వచ్చిన బండికి రేడియేటర్ మూత తిప్పారంటే మొహం కాలుతుంది. అది చల్లబడ్డాకే.

పక్కనే ఎలుక గుర్తులు వెతకండి. కొరికిన వైరు, బానెట్ లోపలి అట్ట నుంచి రాలిన తుక్కు, ఎక్కడి నుంచో తెచ్చుకున్న వేరుశనగ తొక్కలు. మన వైపు పొగాకు కాడలు గుడ్డలో కట్టి ఇంజిన్ దగ్గర పెట్టే అలవాటు ఉంది. నా బండిలో ఎలుక ఆ మూట పక్కనే గూడు కట్టుకుంది, కాబట్టి దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పెట్టుకుంటే పెట్టుకోండి గానీ సైలెన్సర్ గొట్టానికీ ఇంజిన్ బెల్టుకీ దూరంగా పెట్టండి, మంటలు అంటుకోగలవు.

తాళం తిప్పిన ఆ రెండు సెకన్లు

తాళం ఆన్‌లో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మీటర్ వైపు చూడండి. ఇంజిన్ లైటు, ఆయిలు, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ గుర్తులు వెలగాలి. కొన్ని రెండు మూడు సెకన్లలో ఆరిపోతాయి, మిగతావి స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. ఆరకపోతే తప్పు అని అందరికీ తెలుసు. అసలు వెలగనే వెలగకపోతే అంతకన్నా అనుమానం. అమ్మే ముందు ఎవరో బల్బు పీకేసో, టేపు అంటించో ఉండవచ్చు. ముఖ్యంగా ఎయిర్‌బ్యాగ్ గుర్తు.

స్టార్ట్ చేశాక మొదటి అరనిమిషం టిక్ టిక్ అని వచ్చి, ఆయిలు పైకెక్కగానే ఆగిపోతే చాలా ఇంజిన్లలో అది మామూలే. వేడెక్కాక కూడా సాగితే ఆయిలు మట్టం మళ్లీ చూసి, తర్వాత టాపెట్ల (వాల్వులని కదిలించే భాగాల) సంగతి అడగండి. చల్లటి ఇంజిన్‌తో కీచుమని అరిచి, ఏసీ వేయగానే అది ఇంకా పెరిగితే బెల్టు. దానికి సులువైన పరీక్ష ఉంది: ఇంజిన్ నడుస్తుండగా బెల్టు లోపలి గాడుల మీద స్ప్రే సీసాతో దూరం నుంచి కాసిన్ని నీళ్లు చల్లండి. చప్పుడు కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీల (బెల్టు చుట్టుకుని తిరిగే చక్రాల) వరస తప్పింది. నీళ్లు పడగానే ఇంకా గట్టిగా అరిస్తే బెల్టు వదులై జారుతోంది. తువ్వాలు, చున్నీ, వదులు చొక్కా చేతులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

న్యూట్రల్‌లో నిలబెట్టి క్లచ్ తొక్కి వదలండి. తొక్కినప్పుడే గరగర వస్తే క్లచ్ బేరింగ్. తొక్కితే ఆగిపోయి, వదిలితే వస్తే గేర్‌బాక్స్ బేరింగ్. అది కొంచెం పెద్ద ఖర్చు, అమ్మినాయనతో మాట్లాడాలంటే ఆలస్యం చేయకండి.

పొగ గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. పొద్దున్నే కాస్త తెల్లగా వచ్చి ఆగితే ఆవిరి. వేడెక్కాక కూడా తెల్లగా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ మండుతోంది. నీలంగా వస్తే ఆయిలు మండుతోంది. నల్లగా వస్తే గాలి తక్కువ, ఇంధనం ఎక్కువ. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. మిర్చి యార్డు, పత్తి మిల్లుల చుట్టూ తిరిగిన బండిలో ఎయిర్ ఫిల్టరూ ఏసీ ఫిల్టరూ ఎలా ఉంటాయో చూస్తే తప్ప నమ్మరు.

రోడ్డు మీద

ఈ పరీక్ష ముగ్గురు ఎక్కి కబుర్లు చెప్పుకుంటూ చేసేది కాదు. పొద్దున్నే, ఏసీ ఆపి, పాటలు ఆపి, అద్దాలు దించి బయల్దేరండి. ముందుగా టైర్లలో గాలి సరిచేయించుకోండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు పక్క స్తంభం మీద స్టిక్కర్ చెబుతుంది.

ముందు కాలనీ సందుల్లో, 15, 20 కిలోమీటర్ల స్పీడులో. ఇక్కడే లింక్ రాడ్ సంగతి. ముందు చక్రాల రెండు పక్కలనీ కలుపుతూ అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని చక్రాల వైపు పట్టి ఉంచేవి లింక్ రాడ్లు. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి, కడ్డీ మెలిపడదు, లింక్ రాడ్ మీద బరువు పడదు. గుంటలో ఒక్క చక్రమే దిగితే కడ్డీ మెలిపడి, అరిగిన లింక్ రాడ్ టకటకమంటుంది. అందుకే ఒకసారి రెండు చక్రాలతో ఎక్కించండి, ఇంకోసారి ఒక్క చక్రంతో గతుకు మీదుగా పోనివ్వండి. రెండో దానికే చప్పుడొస్తే లింక్ రాడ్. రెండింటికీ డబ్‌మని మొద్దుగా తగిలితే లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని కింద పట్టి ఉంచే చేతికి ఉండే రబ్బర్లు), షాక్ అబ్జార్బర్లు, వాటి పైనుండే మౌంట్లు చూడాలి. నిలబెట్టిన బండిలో స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు ఠంగ్‌మని మెలి వదిలినట్టు వస్తే ఆ మౌంటే. షాక్ అబ్జార్బర్ బాగుందో లేదో చూడాలంటే ఆ మూల బానెట్‌ని గట్టిగా కిందకి నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకోవాలి. ఉయ్యాలలా ఊగుతూనే ఉంటే పోయినట్టు. దాని ఒంటి మీద ఆయిలు కారి దుమ్ము పట్టి ఉన్నా అంతే.

ఎక్కడైనా ఖాళీ స్థలం దొరికితే స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, మెల్లగా యాక్సిలరేటర్ తొక్కుతూ గుండ్రంగా తిరగండి. తర్వాత రెండో పక్కకి. టిక్‌టిక్‌టిక్ అని చక్రంతో పాటు లెక్కగా వస్తే ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చే యాక్సిల్ జాయింట్. ముందు చక్రాల వెనక వంగి చూస్తే ఆ జాయింట్ మీది రబ్బరు తొడుగు, అంటే బూటు, చిరిగి, గ్రీజు చక్రం లోపల చిమ్మి ఉంటుంది. చప్పుడు లేకుండా బూటు మాత్రమే చిరిగితే మీ అదృష్టం, బూటు మార్పించి గ్రీజు పెట్టిస్తే ఆ జాయింట్ బతుకుతుంది.

చప్పుడు ముందుదో వెనకదో తేలకపోతే బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కండి. ఫ్లైఓవర్ జాయింట్ల మీద ప్రతిసారీ రెండు దెబ్బలు వినిపిస్తాయి, మొదటిది ముందు చక్రాలది, రెండోది వెనకవాటిది. మీ చప్పుడు ఏ దెబ్బతో కలిసి వస్తుందో చూడండి. పిట్టగోడ పక్కగా వెళ్లినప్పుడు అద్దం దించి ఉంటే గోడకి తగిలి చప్పుడు వెనక్కి వస్తుంది, బయట వినిపించేదంతా స్పష్టంగా తెలుస్తుంది. ట్రాఫిక్ లేని వేళే ఈ పని పెట్టుకోండి.

ఇక వారధి దాటి గుంటూరు వైపు హైవే. ఇక్కడ వెతకాల్సింది గుయ్‌మనే మోత. స్పీడుతో పాటు పెరుగుతూ, 80 దగ్గర చెవుల్లో నిండిపోయే మోతకి కారణాలు రెండు: చక్రం బేరింగ్ లేదా టైరు. చాలా షెడ్లలో ముందు బేరింగ్ మార్చేస్తారు, మోత అలాగే ఉంటుంది. ఇలా తేల్చుకోండి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు లేన్‌లోనే స్టీరింగ్ కొద్దిగా ఎడమకి, కొద్దిగా కుడికి ఒరిగించండి. ఎడమకి ఒరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడివైపు బేరింగ్. కుడికి ఒరిగితే పెరిగిందంటే ఎడమది. ఎటు ఒరిగినా తేడా లేకుండా, సిమెంటు రోడ్డు మీద ఒకలా తారు రోడ్డు మీద ఒకలా మోగుతుంటే టైర్లు. ముందువి వెనక్కి మార్పించి చూడండి, మోత చోటు మారితే ఖాయం. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2219 అని ఉంటే 2019లో 22వ వారంలో తయారైందని. గాడుల మధ్య చిన్న గట్లు ఉంటాయి, రబ్బరు అరిగి వాటితో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చినట్టు. ఇక మార్చాల్సిందే.

80 దాటాక స్టీరింగ్ సన్నగా వణికితే వీల్ బ్యాలెన్సింగ్. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు. చెయ్యి తేలిగ్గా వదిలితే బండి ఒక పక్కకి లాగుతుంటే గాలి చూసి, ఆ తర్వాత అలైన్‌మెంట్.

బ్రేకుల చప్పుడు రేపటికి వాయిదా వేయకండి

వాన రాత్రి తర్వాత పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకి చర్ర్‌మంటే అది డిస్కు మీద తుప్పు, దానంతటదే పోతుంది. రోజంతా సన్నగా కీచుమంటుంటే ప్యాడ్లు అరిగాయని హెచ్చరిక. కొన్ని ప్యాడ్లకి అందుకోసమే చిన్న రేకు పెడతారు. గరగర మొదలైతే ప్యాడ్ అయిపోయి ఇనుప పలక డిస్కుని కోస్తోంది. ఆ రోజే ఆపండి. పెడల్ మెత్తగా కిందకి దిగిపోతుంటే ఆ క్షణమే.

నీళ్లలో మునిగిన బండేమో

2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు వీధుల్లో కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. అలాంటి బండి కడిగి, పాలిష్ కొట్టి అమ్మకానికి వస్తే పైకి ఏమీ తెలియదు. దాని లక్షణం చప్పుడు కాదు, తిక్క. ఒకరోజు పవర్ విండో పనిచేయదు, మర్నాడు చేస్తుంది. హారన్ దానంతటదే మోగుతుంది. ఇలాంటివి రెండు మూడు కలిసి కనిపిస్తే సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉందేమో చూడండి. సీటు పట్టాల కింద, ఫ్యూజు పెట్టె వెనక ఆరిన ఒండ్రు ఉందేమో వేలు పెట్టి చూడండి. సీటు బోల్టుల మీద తుప్పు, హెడ్‌లైట్ లోపల ఆవిరి, కార్పెట్ కింద ముక్కిన వాసన. వీటిలో ఒకటి ఉంటే అనుమానం, మూడు ఉంటే నిజం. అప్పుడు చిల్లర రిపేర్లు చేయిస్తూ పోకుండా నేరుగా మంచి ఎలక్ట్రీషియన్‌ దగ్గరికి వెళ్లండి.

బ్లూటూత్ స్కానర్ ఒకటి కొని స్టీరింగ్ కింద పోర్టుకి పెడితే ఇంజిన్ లైటు వెనక కోడ్ ఫోన్లో కనిపిస్తుంది. అక్కడితో సంబరపడిపోకండి. పి0301 అంటే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్ అని మాత్రమే, స్పార్క్ ప్లగ్గు మార్చమని కాదు. ఎలుక కొరికిన వైరుకీ అదే కోడ్ వస్తుంది. ఏ కోడూ లేదన్నా నమ్మక్కర్లేదు, అమ్మే ముందు చెరిపేసి ఉంటే కొన్ని రోజులు నడిపాకే తిరిగి వస్తుంది. లైటు టపటపా ఆరుతూ వెలుగుతుంటే మాత్రం స్పీడు తగ్గించి పక్కన ఆపండి.

షెడ్డులో

ఆటోనగర్‌లో ఒకరు రేడియేటర్ పని చేస్తారు, ఇంకొకరు సస్పెన్షన్, మరొకరు వైరింగ్. మీ పుస్తకం చూసుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలో ముందే తేల్చుకోండి. "ఫలానా పార్టు మార్చండి" అనొద్దు, మార్చేస్తారు. "ఫలానా చోట, ఫలానా స్పీడులో ఇలా వస్తోంది, మీరొకసారి నడిపి చూడండి" అనండి. ఆయన నడుపుతుంటే మీరు పక్క సీట్లో కూర్చోండి. జాకీ మీద ఎత్తినప్పుడు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపించి చూడండి. ఆట (వదులుగా కదలడం) ఉంటే బేరింగో బాల్ జాయింటో. పక్కల పట్టుకుని ఊపినప్పుడు ఆట ఉంటే స్టీరింగ్ రాడ్డు చివర. ఒక్క జాకీ మీదున్న బండి కిందకి మీరు మాత్రం దూరకండి, ఎవరు రమ్మన్నా సరే.

ఒకేసారి మూడు పార్టులు మార్పించకండి, ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఒకటి మార్చాక అదే సందులో, అదే గుంట మీద, అదే స్పీడులో నడిపి చూసి, తర్వాత రెండోది. తీసిన పాత పార్టు అడిగి తీసుకోండి. అరుగుదల మీ కళ్లతో మీరు చూడాలి.

నేనూ అలాగే నా పాత లింక్ రాడ్లు రెండూ తీసుకుని డిక్కీలో పడేశాను. మర్నాడు బందరు రోడ్డు మీద వెనక నుంచి ఠంగ్ ఠంగ్‌మని చప్పుడు. పుస్తకం తీసి రాయబోయి, ఆగి, డిక్కీ తెరిచాను.